రోజుకు ముప్పై మాటలు

జంగ్లీఘాట్‌లో తెల్లవారకముందే బేరాలు మొదలవుతాయి. ఒడ్డుకు చేరిన పడవల నుంచి చేపల బుట్టలు దిగుతుంటే తెలుగు, హిందీ, బెంగాలీ, తమిళం కలగలిసి వినిపిస్తాయి. ఆ సందడికి కూతవేటు దూరంలో, ఒక ఇంటి అరుగు మీద పన్నెండో తరగతి అమ్మాయి నోట్‌బుక్ ముందేసుకుని ఇంగ్లీషు మాటలు వల్లె వేస్తోంది. రోజుకు ముప్పై. పేజీకి ఎడమ పక్క మాట, కుడి పక్క అర్థం. 'ఎబ్' అన్న మాటకు ఎదురుగా 'తగ్గిపోవు' అని రాసుకుంది.

అది సముద్రం మాటని తెలుసా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. పక్కనే వల బాగుచేస్తున్న ఆమె తండ్రిని, సముద్రపు నీరు వెనక్కి పోవడాన్ని ఏమంటారని అడిగాను. "ఆటు బాబూ. ఆటూ పోటూ సూసుకోకండా నావెలా తీస్తాం?" అన్నాడాయన. ఆ అమ్మాయి పుట్టినప్పటి నుంచి వింటున్న మాట అది. నోట్‌బుక్‌లోని మాటకూ, నాన్న నోట్లోని మాటకూ చుట్టరికం ఉందని మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు.

2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో ఈ ముప్పై మాటల కసరత్తుకు కారణముంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ సీటుకు ఒకప్పుడు పన్నెండో తరగతి మార్కులో, ఆ విశ్వవిద్యాలయం సొంత పరీక్షో ఆధారం. 2022లో వాటి స్థానంలో ఉమ్మడి ప్రవేశపరీక్ష సీయూఈటీ వచ్చింది. ఇంగ్లీషు పేపర్‌లో పేరాలు చదివి జవాబివ్వడంతో పాటు పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు, సరైన మాట ఎంపిక కూడా ఉంటాయి. 2025 నుంచి ఒక్కో పేపర్‌కు 60 నిమిషాల్లో 50 ప్రశ్నలు. సరైన జవాబుకు ఐదు మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. అంటే ఒక్క మాట అర్థం తారుమారైతే ఆరు మార్కుల తేడా.

ఆ తేడా విలువ ద్వీపాల్లో బాగా తెలుస్తుంది. ఇక్కడ 1967 నుంచి జవహర్‌లాల్ నెహ్రూ రాజ్‌కీయ మహావిద్యాలయ ఉంది. 2015లో వైద్య కళాశాల కూడా వచ్చింది. కానీ కోరుకున్న కోర్సు ఇక్కడ లేకపోతే సముద్రం దాటాల్సిందే. ఈ అమ్మాయి గురి హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు. వాళ్లింట్లో కాలేజీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆమే.

2011 జనాభా లెక్కల ప్రకారం ద్వీపాల్లోని 3.8 లక్షల మందిలో బెంగాలీ మాతృభాషగా ఉన్నవారు సుమారు 28 శాతం. హిందీ 19, తమిళం 15, తెలుగు 13 శాతం. తెలుగువారిలో ఎక్కువమంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఉన్నాయి. వారి పిల్లలకు ఇల్లు తెలుగు, వీధి హిందీ, పాఠం ఇంగ్లీషు. ఈ అమ్మాయికి చేపల పేర్లు, గాలివాన గుర్తులు, చుట్టరికాలు తెలుగులో వచ్చు. బేరం, స్నేహం, కోపం హిందీలో వచ్చు. బలం, కణం, ప్రజాస్వామ్యం ఇంగ్లీషులోనే తెలుసు. అన్నీ కలిపి లెక్కిస్తే ఆమె దగ్గరున్న మాటలు ఏ మహానగరపు పిల్లకన్నా తక్కువేమీ కాకపోవచ్చు. పరీక్ష మాత్రం ఒక్క అర తెరిచి చూసి, సరుకు లేదంటుంది.

జాబితాలు పనికిరావని కాదు. పరీక్ష నేరుగా మాటల అర్థాలు అడుగుతున్నంత కాలం వాటిని చదవక తప్పదు. కానీ ప్రపంచం ఆ పద్ధతి నుంచి నెమ్మదిగా తప్పుకుంటోంది. అమెరికాలోని శాట్ 2005లో పదసామ్యాల ప్రశ్నలను, 2016లో అరుదైన మాటలతో ఖాళీలు పూరించే ప్రశ్నలను తీసేసింది. మన న్యాయవిద్య ప్రవేశపరీక్ష క్లాట్ 2020 నుంచి పేరాలిచ్చి, అందులో మాట ఏ అర్థంలో వచ్చిందో అడుగుతోంది. న్యూజిలాండ్ భాషాశాస్త్రవేత్త అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన జాబితాలో ఉన్నవి 570 పద కుటుంబాలే. విద్యాసంబంధ రచనల్లో ప్రతి పది మాటల్లో దాదాపు ఒకటి వాటిలోదే. వేలకు వేలు బట్టీ పట్టడం కన్నా, పనికొచ్చే కొన్ని వందల మాటలను వాడుకతో సహా తెలుసుకోవడం మేలన్నమాట.

వాడుక ఎక్కడ దొరుకుతుంది? జాలరి బిడ్డకు సముద్రంలోనే దొరుకుతుంది. 'లీవే' అంటే మొదట గాలి తోపుకు నావ పక్కకు జరిగే దూరం. ఇప్పుడు వెసులుబాటు. 'అలూఫ్' అంటే నావ మొగను గాలి వైపు తిప్పి ఒడ్డుకు దూరంగా ఉంచడం. ఇప్పుడు అంటీముట్టనట్టు ఉండటం. 'ఆపర్చ్యూన్' లాటిన్‌లో రేవు వైపు వీచే గాలి. మన మాటలో అదను. ఎమ్మే రాజనీతిశాస్త్రం చదివిన రెండేళ్లూ 'గవర్నమెంట్' అన్న మాట నేను వేలసార్లు రాసి ఉంటాను. గ్రీకులో దాని మూలార్థం ఓడను నడపడమని చాలా ఆలస్యంగా తెలిసింది. చుక్కాని పట్టిన మనిషి ఇంట్లోనే ఉన్న పిల్లకు ఆ మాట నాకన్నా తేలిగ్గా అర్థమవుతుంది.

సముద్రమే కాదు, ఊరూ పాఠం చెబుతుంది. 1906లో పూర్తయిన సెల్యులర్ జైలుకు ఆ పేరు వచ్చింది సెల్ నుంచి, అంటే చిన్న గది నుంచి. 1665లో రాబర్ట్ హుక్ బిరడా చెక్క పొరను సూక్ష్మదర్శినిలో చూసి, గదుల్లా ఉన్నాయని వాటికి అదే పేరు పెట్టాడు. వైద్య ప్రవేశపరీక్షకు చదివే పిల్లలు రోజూ రాసే 'సెల్' అదే.

ఇందులో విధానపరమైన లోపమూ ఉంది. సీయూఈటీ భాషల్లో తెలుగు ఒకటి. అది మంచిదే. కానీ జెఇఇ మెయిన్‌ను 13 భాషల్లో పెట్టిన 2021లో తెలుగు ప్రశ్నపత్రాన్ని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాలకే పరిమితం చేశారు. రాష్ట్రం గీత దాటితే మాతృభాష మారిపోతుందన్నట్టు. కంప్యూటర్ మీద జరిగే పరీక్షకు కాగితం అచ్చువేసి ఓడలో పంపే ఖర్చు కూడా లేదు. తెలుగు పేపర్ ఇస్తే కష్టాలన్నీ తీరిపోవు. సీటు వచ్చాక పాఠాలు ఇంగ్లీషులోనే వినాలి. అందుకే ఇంగ్లీషు కావాలి. దానికి దారి ఇంటి భాషను పక్కకు నెట్టి కాదు, దాని మీదుగా వేయాలి.

దీనికి పెద్ద పథకం అక్కర్లేదు. నోట్‌బుక్‌లో రెండు గడులకు బదులు నాలుగు గీయాలి. ఇంగ్లీషు మాట, తెలుగు మాట, హిందీ మాట, ఆ రోజు తాను చూసిన దాని మీద సొంత వాక్యం. తెలుగు గడి ఖాళీగా ఉంటే అమ్మనో నాన్ననో అడగాలి. ద్వీపాల యంత్రాంగం ప్రచురించే డైలీ టెలిగ్రామ్స్‌లో రోజుకో వార్త చదివితే ఓడల రాకపోకలు, వాతావరణ హెచ్చరికల్లోనే బోలెడు మాటలు పలకరిస్తాయి. చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమయ్యాక ఆన్‌లైన్ కోచింగ్ ఇక్కడికీ సులువుగా చేరుతోంది. కానీ ఏ కోచింగ్ అయినా ఈ గడులు గీయించినప్పుడే ఉపయోగం. ముప్పై మాటలు పది అయినా నష్టం లేదు.

నేను లేచి వచ్చేసరికి ఆ అమ్మాయి 'ఎబ్' పక్కన 'ఆటు' అని రాసుకుంది. తండ్రి వల మీద నుంచి తలెత్తి, "మరి పోటుకేటంటారు?" అని అడిగాడు. ఆమె పేజీలు తిరగేసింది. అది ఆమె జాబితాలో లేదు. 'ఫ్లో' మరీ తేలిక మాటని వదిలేశారు.