డబ్బిచ్చి కొన్నవాడే దొంగా?

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్లినప్పుడు అటక మీద అట్టపెట్టెలో ఒక గేమ్ సీడీ దొరికింది. రాజ్యాలు కట్టి యుద్ధాలు చేసే పాత స్ట్రాటజీ గేమ్. (పేరు చెప్పను, ఫ్యాన్స్ కొట్లాటకొస్తారు.) ఒరిజినల్ సీడీ! అప్పట్లో మా వీధి చివర 30 రూపాయలకి కాపీ దొరికేది. అన్నయ్య మాత్రం ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో ఒరిజినలే కొన్నాడు. "పిచ్చోడా" అని ఫ్రెండ్స్ నవ్వారట.

హాస్టల్‌కి తెచ్చాను. నా లాప్‌టాప్‌కి డ్రైవ్ లేదు, సీనియర్ దగ్గర యూఎస్‌బీ డ్రైవ్ అడిగి తెచ్చుకున్నాను. ఇన్‌స్టాల్ అయింది. ఐకాన్ మీద ఎన్నిసార్లు క్లిక్ చేసినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

కారణం సేఫ్‌డిస్క్ అనే తాళం. ఆట మొత్తం హార్డ్ డిస్క్‌లోకి దిగాక కూడా సీడీ పెట్టమనేది మనం కొన్నామా లేదా అని చూడటానికే. సీడీలో కావాలనే కొన్ని చెడ్డ సెక్టార్లు పెడతారు. మామూలుగా కాపీ కొడితే అవి సరిగ్గా రావు. వాటిని పరీక్షించడానికి ఒక డ్రైవర్ ఏకంగా విండోస్ కెర్నెల్‌లో కూర్చునేది. 2007లో దాంట్లో సెక్యూరిటీ లోపం బయటపడింది. 2015లో వచ్చిన విండోస్ 10లో మైక్రోసాఫ్ట్ ఆ డ్రైవర్‌కి చోటివ్వలేదు. మంచి పనే చేసింది. కానీ కాపలావాడు పోయినా తాళం అలాగే ఉండిపోయింది. 30 రూపాయల కాపీలో ఆ తాళం ఎప్పుడో పీకేశారు కాబట్టి వాడికే బాధా లేదు. టికెట్ కొన్నవాడు గేటు బయట, గోడ దూకినవాడు బాల్కనీలో!

నేను లాయర్ని కాదు. అయినా 1957 కాపీరైట్ చట్టం చదివాను. సెక్షన్ 52 ప్రకారం, న్యాయంగా కొన్న ప్రోగ్రామ్ పాడైపోతుందనుకుంటే బ్యాకప్ తీసుకోవచ్చు. 2012లో చేర్చిన 65ఏ తాళం పగలగొట్టడాన్ని నేరమంటుంది, కానీ హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశం ఉంటేనే. నా ఉద్దేశమల్లా మా ఇంట్లో కొన్న ఆట ఆడుకోవడమే. దీన్ని దొంగతనమంటే ఒప్పుకోను.

"కొత్త గ్రాఫిక్స్‌తో మళ్లీ అమ్ముతున్నారుగా, కొనుక్కో" అన్నాడు రూమ్‌మేట్. కొనొచ్చు. కానీ ఒకే ఆటకి మా ఇంట్లో రెండోసారి డబ్బెందుకు కట్టాలి?

అలాగని ఏదో సైట్లో దొరికిన క్రాక్ ఫైల్ వేసుకోమని చెప్పను. మా ఫ్లోర్‌లో ఒకడు అలాగే దింపుకుని మినీ ప్రాజెక్ట్ మొత్తం పోగొట్టుకున్నాడు. ఈ పని కంపెనీలే చెయ్యాలి. స్టార్‌క్రాఫ్ట్ 1998లో వచ్చింది. 2008లో బ్లిజార్డ్ ఒక ప్యాచ్ ఇచ్చింది. సీడీలోని డేటా ఫైల్‌ని గేమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుంటే, ఇక సీడీ అడగదు. అంతే పని. జీఓజీ వాళ్లు 2008 నుంచి పాత ఆటల్ని ఏ తాళాలూ లేకుండానే అమ్ముతున్నారు, ఇంకా వ్యాపారంలోనే ఉన్నారు. సీడీ అమ్మకం ఆపేసిన రోజే తాళం తీసే ప్యాచ్ కూడా ఇవ్వాలని రూల్ పెడితే తప్పేంటి?

ఇదంతా అన్నయ్యకి ఫోన్లో చెప్పాను. "పారెయ్‌రా, ఇప్పుడెందుకది" అన్నాడు. పది నిమిషాల తర్వాత మెసేజ్ పెట్టాడు: "పారేశావా? ఉంచు. గీతలు పడకుండా కవర్లో పెట్టు."