కౌలుదారా, కాదా? తేల్చేదెవరు?

“ఇది మా దగ్గర తెగదు, సివిల్ కోర్టుకు పో” అంటారు తాసీల్ ఆఫీసులో. “ఇది కౌలు పంచాది, రెవెన్యూ వాళ్ల దగ్గరికే పో” అంటాడు వకీలు. తాత పేరు రక్షిత కౌలుదార్ల రిజిస్టర్‌లో ఉన్నా, మనుమడు ఇట్లా రెండు గడపల నడుమ చెప్పులరిగేలా తిరుగుతూనే ఉంటాడు. ఈలోగా చెలకలో ప్లాట్ల రాళ్లు లేస్తాయి. తెలంగాణ పల్లెల్లో ఇది కొత్త కథ కాదు. మరి చట్టం ఏమంటోంది?

1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం ఎవరి దయతోనో రాలేదు. దాని వెనుక గడీలను వణికించిన రైతాంగ పోరాటం ఉంది. ఒక మనిషి రక్షిత కౌలుదారు అవునా, కాదా అన్న తగాదా వస్తే తేల్చాల్సింది తాసీల్దారేనని 35వ సెక్షన్ చెబుతోంది. పోయిన కబ్జా ఇప్పించే అధికారం 32వ సెక్షన్ కింద ఆయనదే. అప్పీలు కలెక్టర్‌కు, రివిజన్ హైకోర్టుకు. చట్టం ఈ అధికారులకు అప్పగించిన విషయాల్లో సివిల్ కోర్టు జోక్యం చేసుకోరాదని 99వ సెక్షన్ కట్టడి చేసింది. కోర్టు ఫీజులు కట్టి, ఏండ్లకేండ్లు వాయిదాలు తిరగడంలో కౌలుదారు దొరతో సరితూగలేడు. అందుకే రికార్డు ఉన్న చోటే తగవు తెగాలన్నారు.

కానీ మూసిన తలుపుకు దొడ్డిదారి దొరికింది. పట్టాదారో, అతని దగ్గర కొన్నవాడో ఇంజంక్షన్ దావా వేస్తాడు. “భూమి నాది, ఇతనెవరో నాకు తెలియదు” అని రాస్తాడు. కౌలు అన్న మాటే రానివ్వడు. దావా రాతలోని తెలివిని కాదు, అసలు తగాదాను చూడాలని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. కింది కోర్టులు ఆ మాటను మొదటి వాయిదాలోనే పట్టించుకోవాలి.

అన్నీ తాసీల్దారే తేల్చాలని మేం అనడం లేదు. ఇద్దరు పట్టాదారుల నడుమ హక్కు తగాదా, వారసుల పంపకం, దొంగ సేల్‌డీడు వంటివి సివిల్ కోర్టు పనులే. అధికారి చట్టాన్నే తొక్కేసి, సహజ న్యాయాన్ని పక్కనబెడితే సివిల్ కోర్టు చూడవచ్చని 1968లో ధూలాభాయ్ కేసు తీర్పు చెప్పింది. తాసీల్దార్‌కు అధికారం ఇవ్వడమంటే పేదోణ్ని ఆయన దయకు వదిలేయడం కాదు.

38-ఇ సెక్షన్ ఖమ్మం జిల్లాలో 1972 అక్టోబర్ 1న, మిగతా తెలంగాణలో 1973 జనవరి 1న అమల్లోకి వచ్చింది. దాని కింద సర్టిఫికెట్ పొందినవాడు కౌలుదారు కాడు, యజమాని. భూస్వామి మీద ఆ కాగితమే తిరుగులేని సాక్ష్యం. “ఎప్పుడో వదులుకున్నడు” అంటూ తెల్లకాగితం మీద వేలిముద్ర చూపితే చెల్లదు. కౌలు వదులుకోవడం రాతపూర్వకంగా, తాసీల్దార్ ముందు ఒప్పుకున్నదై ఉండాలి.

2020లో ఒక చట్టం, 2025లో భూభారతి చట్టం వచ్చాయి. పాస్‌బుక్కులు మారాయి, పోర్టళ్లు మారాయి. పాస్‌బుక్కులో పేరు లేనంత మాత్రాన 38-ఇ హక్కు చచ్చిపోదు.

ప్రభుత్వం ప్రతి మండలంలో రక్షిత కౌలుదార్ల రిజిస్టర్‌ను జనం ముందు పెట్టాలి. కౌలు తగాదాలకు గడువు పెట్టి తీర్పులివ్వాలి. చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు సెలవులకు ఊరికి పోయినప్పుడు ఆ రిజిస్టర్ నకలు అడగాలి. రెవెన్యూ ఉద్యోగ మిత్రులు దాన్ని దాచకుండా ఇవ్వాలి. ఏ గడప తొక్కాలో తెలియకనే మన తాతల భూములు పోయాయి. మనుమలకైనా ఆ దారి తెలియాలి.