రిజిస్టర్‌లో పేరున్నదే సొంతూరు

పోయిన ఏడాది కౌన్సెలింగ్ రోజుల్లో మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఎంఈవో ఆఫీసులో నీకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?" అని. పాపకు ఎప్‌సెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు పెట్టాలి. ఎనిమిది నుంచి అన్నీ ఉన్నాయి. ఆరు, ఏడు చదివిన ప్రైవేటు బడే లేదు. కరోనా తర్వాత మూతపడింది, ఆ మేడలో ఇప్పుడు టైల్స్ దుకాణం నడుస్తోంది. రికార్డులు మండల విద్యాధికారి కార్యాలయంలో అప్పగించారని ఎవరో చెబితే వెళ్లింది. అటెండరు బీరువా పక్కనున్న గోనెసంచులు చూపించి, "వీటిలో ఉంటే మీ అదృష్టం, వెతుక్కోండమ్మా" అన్నాడట.

ఆ సంచుల మాట విన్నప్పటి నుంచి నాకు నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. ఆ సర్టిఫికెట్లు అడిగేది పాప ఎక్కడి స్థానికురాలో తేల్చడానికే. స్థానికత అన్న మాట కోసం తెలుగునేల మీద జరిగినన్ని గొడవలు మరో మాట కోసం జరగలేదేమో. నిజాం కాలపు ముల్కీ నిబంధనలు పదిహేనేళ్ల నివాసం అడిగాయి. అవి చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు అనగానే కోస్తా, సీమల్లో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. ఆ మంటలు చల్లార్చడానికి 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. రాజ్యాంగంలో 371-డి అధికరణ చేరింది, 1974లో విద్యాసంస్థల ప్రవేశాలకు రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. రాష్ట్రాన్ని ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పరిధులుగా పంచి, ఎక్కడి సీట్లలో 85 శాతం అక్కడివాళ్లకే అన్నారు. (సముద్రం ఒడ్డున ఉన్న నెల్లూరు ఈ పంపకంలో సీమతోపాటు ఎస్వీ వైపు పడింది. మీదే ప్రాంతమండీ అని నెల్లూరాయన్ని అడిగితే, సీటు కోసమా ఊరికేనా అని ఎదురడగాలి ఆయన.)

ఇంతకీ అక్కడివాడంటే ఎవడు? ఆ ఉత్తర్వు పుట్టిన ఊరు అడగలేదు, తాతల పొలం అడగలేదు, యాస వినలేదు. అర్హత పరీక్ష రాసిన ఏడుతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివావన్నదే మొదటి ప్రశ్న. అలా కుదరకపోతే ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడివాడివి. 1974లో ఇది తెలివైన కొలతే. పిల్లలు నడిచో సైకిలు తొక్కో బడికి వెళ్లే రోజులవి. బడి రిజిస్టర్ తెరిస్తే ఇల్లెక్కడో తెలిసిపోయేది.

తర్వాత కార్పొరేట్ కాలేజీ వచ్చింది. బడికీ ఇంటికీ తెగిపోయింది.

కాకినాడ కుర్రాడొకణ్ని తొమ్మిదో తరగతిలోనే తెచ్చి మాదాపూర్ హాస్టల్లో పడేశారనుకోండి. పొద్దున ఐదింటికి స్టడీ అవర్, రాత్రి పదకొండుకి లైట్లు ఆపుతారు, నెలకోసారి ఔటింగ్. చార్మినార్‌ని ఫొటోలో తప్ప చూడని ఆ అబ్బాయి నాలుగేళ్లు తిరిగేసరికి తెలంగాణ స్థానికుడు. కోదాడలో పుట్టి, పదో తరగతి దాకా అక్కడే చదివిన అమ్మాయిని ఇంటర్‌కు రెండు గంటల దూరంలోని విజయవాడలో చేర్చారనుకోండి. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన 33వ నంబరు జీవో ప్రకారం ఆమె ఎంబీబీఎస్ సీటుకు స్థానికురాలు కాదు. ఆ జీవో ఏడేళ్ల లెక్క తీసేసి, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లూ తెలంగాణలోనే అంది. ఆంధ్రలో చదివింది రెండేళ్లే కాబట్టి అక్కడా కాదు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. సరిహద్దు ఊళ్లలో ఈ తమాషా ఇంకా ముదురుతుంది. ఎటపాక మండలం ఆంధ్రలో ఉంది, దాని పక్కనే భద్రాచలం తెలంగాణలో ఉంది. రాములవారి గుడి ఇటు, గుడి భూములు అటు. ఎటపాకలో నిద్రపోయి భద్రాచలంలో నాలుగేళ్లు చదువుకున్న పిల్ల ఏ రాష్ట్రపు పిల్ల?

ఆ 33వ జీవో కేసులో 2024 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు శాశ్వత నివాసులను బయట చదివారన్న కారణంతో తోసెయ్యకూడదంది. ఏడాది తిరక్కుండా, 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు జీవో పక్షానే నిలిచింది. రాష్ట్ర ప్రభుత్వ ఖర్చుతో డాక్టరయ్యేవాళ్లు ఇక్కడే వైద్యం చేయాలని ప్రభుత్వం కోరుకోవడంలో తప్పు నాకూ కనిపించదు. బదిలీ మీద వేరే రాష్ట్రాల్లో పనిచేసే తెలంగాణ ఉద్యోగుల పిల్లలకు మినహాయింపూ దక్కింది. మంచిదే. కానీ బతుకుతెరువు కోసం షోలాపూర్ మగ్గాల మీదికో బొంబాయి కూలికో వెళ్లిన నాన్నను ఎవరు బదిలీ చేశారు? ఆయన చేతిలో ట్రాన్స్‌ఫర్ ఆర్డరు ఉండదు, పిల్లవాడికి మినహాయింపూ ఉండదు.

అదే సుప్రీంకోర్టు 2025 జనవరిలో మరో కేసులో, వైద్య పీజీ సీట్లకు నివాసం ఆధారంగా రిజర్వేషన్ చెల్లదని తేల్చింది. ఎంబీబీఎస్‌కు ఊరు కావాలి, ఎండీకి అక్కర్లేదు. రెండు తీర్పుల వెనకా వాదన ఉంది, కాదనను. ర్యాంకు కార్డు పట్టుకుని నిలబడ్డ కుర్రాడికి అది విప్పి చెప్పడం మాత్రం నావల్ల కాదు.

కాబట్టి తీర్పులతో నాకు తగువు లేదు. నా తగువు ఆ గోనెసంచులతో. ఊరిని రిజిస్టర్‌తోనే కొలుస్తామని ప్రభుత్వం నిశ్చయించుకున్నప్పుడు, ఆ రిజిస్టర్‌ను కాపాడే పూచీ ఎవరిది? కార్పొరేట్ కాలేజీల్లో చదివేది ఒక క్యాంపస్‌లో, పేరు నడిచేది మరో బ్రాంచిలో అన్న సంగతి తల్లిదండ్రులందరికీ తెలుసు. ఫీజు బాకీ ఉందని ఒరిజినల్స్ బీరువాలో పెట్టుకోవడం ఇంకో ముచ్చట. ఉన్నత విద్యాసంస్థలు ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2016లో చెప్పింది, 2018లో మళ్లీ చెప్పింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు సర్కారువి, బీరువాలో ఇరుక్కునే టీసీలు పిల్లలవి.

అన్నిటికన్నా విచిత్రం ఏమిటంటే, అడిగే కాగితంలోని సమాచారం అడిగేవాళ్ల దగ్గరే ఉంది. ఆంధ్రలో అమ్మఒడి డబ్బు వేయడానికి పిల్లవాడు ఏ బడిలో ఉన్నాడో, 75 శాతం హాజరుందో లేదో కంప్యూటర్లో చూసుకున్నారు. పదో తరగతి, ఇంటర్ బోర్డుల దగ్గర నామినల్ రోల్స్ ఉంటాయి. బడుల వివరాలు నమోదు చేసే యూడైస్‌లో 2022-23 నుంచి పిల్లల వివరాలు విడివిడిగా, పేరు పేరునా ఎక్కుతున్నాయి. ఆ ఏడు తొమ్మిదిలో ఉన్న పిల్లలు ఇంటర్ ముగించేది 2026లో. అంటే నాలుగేళ్ల లెక్క ఇక మీట నొక్కితే రావాలి. పైగా పిల్లలకు పన్నెండంకెల అపార్ గుర్తింపు నంబరు ఇస్తాం, అందుకు సమ్మతి పత్రం మీద సంతకం పెట్టండని బడులు తల్లిదండ్రుల వెంటపడుతున్నాయి. పెట్టిన సంతకానికి ప్రతిఫలంగా కనీసం స్టడీ సర్టిఫికెట్ అడగడం మానేయొచ్చు కదా. వెరిఫికేషన్ కౌంటర్లో హాల్‌టికెట్ నంబరు కొడితే తెరమీద నాలుగేళ్ల బడి కనిపించాలి. కనిపించకపోతే అప్పుడు కాగితం అడగండి.

మా పిన్ని కూతురు రెండ్రోజులు కూర్చుని మూడో సంచిలో రిజిస్టర్ పట్టుకుంది. చెదలు అంచులే తిన్నాయి, పేజీ మిగిలింది. పాప పేరుంది, తండ్రి పేరుంది, చేరిన తేదీ ఉంది. ఇంటిపేరులో మాత్రం ఒక అక్షరం తేడా. పది మెమోలో ఒకలా, ఇక్కడ మరోలా. క్లర్కు కళ్లజోడు పైకి తోసుకుని రెండూ పక్కపక్కన పెట్టి చూశాడట. "రాసిచ్చేవాణ్నే గానీ, ముందు నోటరీ అఫిడవిట్ ఒకటి పట్రండమ్మా. మా సార్ సోమవారం వస్తారు" అన్నాడట. సర్టిఫికెట్ల పరిశీలనకు ఆఖరి రోజు శనివారం.