పద్దెనిమిదో ఏటి ఫొటో

మా పెద్దమ్మ మనవరాలు పుట్టిన రోజు ఆస్పత్రి గదిలో అందరూ గ్రహణం గురించే మాట్లాడారు. "ఏ నెలలో పట్టిందే? కూరగాయలు తరిగావా? వాకిట్లోకి వచ్చావా?" బాలింత గోడవైపు తిరిగి పడుకుంది. పై పెదవి చీలి పుట్టిన బిడ్డకు మనం పెట్టుకున్న పేరు గ్రహణం మొర్రి. ఆ పేరు పలికితే చాలు, తప్పు తల్లి మీద పడిపోతుంది. నిజానికి దాదాపు 700 కాన్పుల్లో ఒక బిడ్డ ఇలా పుడుతుంది. కడుపులో ఆరేడు వారాలప్పుడు, ముఖం రెండు పక్కల నుంచీ వచ్చి కలవాల్సిన చోట కలవదు. ఆ వేళకి కడుపుతో ఉన్న సంగతి చాలామంది ఇంట్లో కూడా చెప్పి ఉండరు. కారణాల్లో జన్యువులున్నాయి, కొన్ని మందులున్నాయి. చంద్రుడు లేడు.

ఆ సాయంత్రం చూడ్డానికి వచ్చిన సర్జన్ ముందు ఉగ్గుగిన్నె ఉందా అని అడిగారు. పాపకు అంగిలి కూడా చీలింది. ఎంత చప్పరించినా నోట్లో పట్టు నిలవదు, పాలు ముక్కులోంచి వచ్చేస్తాయి. ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని, గిన్నె కొమ్ము బుగ్గ లోపలికి ఆనించి, చుక్కచుక్కగా ఎలా పట్టాలో ఆయనే పట్టి చూపించారు. "ముందు బరువు పెరగనివ్వండమ్మా, ఆ తర్వాత నా పని" అన్నారు. ఈ వృత్తిలో ఓ పాత లెక్క ఉంది: పది వారాల వయసు, పది పౌన్ల బరువు, అంటే నాలుగున్నర కిలోలు, పది గ్రాముల హిమోగ్లోబిన్. అవి వచ్చాకే పెదవి ముట్టుకుంటారు.

ముట్టుకునే ముందు సిరాతో చుక్కలు పెడతారు. పెదవి ఎరుపూ చర్మమూ కలిసే గీత ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ అయినా, ఎదుట కూర్చున్న మనిషికి జీవితాంతం అదే కనిపిస్తుంది. ఆ గీతను దించి, పక్క నుంచి కండ జరిపి అతికే పద్ధతిని అమెరికన్ సర్జన్ రాల్ఫ్ మిలార్డ్ 1955లో స్టాక్‌హోమ్ సభలో చెప్పారు. కొరియాలో పనిచేస్తూ రూపొందించుకున్న పద్ధతి అది. ఇప్పటికీ ఎందరో సర్జన్లు దాన్నే తమ చేతివాటానికి కొద్దికొద్దిగా మార్చుకుని వాడుతున్నారు.

పెదవి లోపం కంటికి కనిపిస్తుంది, అంగిలి లోపం చెవికి వినిపిస్తుంది. అంగిలి మూయకపోతే గాలి ముక్కులోకి జారిపోయి "బాబు" కాస్తా "మాము" అవుతుంది. అందుకే మాటలు రాకముందే, ఏడాది అటూ ఇటూగా అంగిలి కుడతారు. చిక్కంతా ఇక్కడే ఉంది. తొందరపడి కుడితే ఆ మచ్చ పై దవడను ఎదగనివ్వదు. ఆలస్యం చేస్తే మాట పాడవుతుంది. ఏది ఎంత సరిగ్గా చేశారో తేలేది దవడ ఎదుగుదల ఆగే పద్దెనిమిదో ఏట.

ఈ పని చేయాలంటే ఎంబీబీఎస్, మూడేళ్ల ఎంఎస్, మరో మూడేళ్ల ఎంసీహెచ్, ఆపైన పిల్లల ముఖాల మీదే చేయి తిరగడానికి ఏడాదో రెండేళ్లో. సొంతంగా మొదటి పెదవి కుట్టేసరికి 35 ఏళ్లు వస్తాయి. ఆ బిడ్డ పెద్దయిన ముఖం చూసేసరికి 53. గుండె డాక్టరుకు తన పని ఎలా ఉందో వారంలో తెలుస్తుంది. మొర్రి కుట్టే సర్జన్‌కు మొత్తం ఉద్యోగంలో నిండా రెండు పాఠాలు కూడా అందవు. అవైనా అందాలంటే కదలకుండా ఒకే ఊళ్లో ఉండాలి.

అలా ఉన్న మనిషి హిర్జీ అదెన్‌వాలా. బొంబాయిలో చార్లెస్ పింటో దగ్గర పని నేర్చుకుని, 1959లో కేరళలోని త్రిస్సూర్ జూబిలీ మిషన్ ఆస్పత్రికి వెళ్లారు ఈ పార్శీ డాక్టరు. అక్కడి మొర్రి కేంద్రానికి గురువు పేరే పెట్టుకుని, 2020లో పోయేదాకా ఆ ఊరినే అంటిపెట్టుకుని ఉన్నారు.

ఇక పుర్రె దాకా వెళితే ఫ్రెంచ్ సర్జన్ పాల్ టెసియే. మన బామ్మలు తలంటేటప్పుడు పసిబిడ్డ మాడు మీద ఆముదం అద్ది, మెత్తగా కొట్టుకునే ఆ చోటును వేలితో చూస్తారు కదా, ఆ పుర్రె పలకల అతుకులు కొందరిలో ముందే మూసుకుపోతాయి. క్రూజాన్ వ్యాధిలో ముఖం నడిమి భాగం ఎదగదు, కళ్లు బయటికి పొడుచుకొస్తాయి. 1957లో అలాంటి యువకుడు టెసియే దగ్గరికి వచ్చాడు. అంతకుముందు బ్రిటన్ సర్జన్ గిలీస్ ఇంకో రోగికి చేసిన ప్రయత్నంలో, ముందుకు తెచ్చిన ఎముక మళ్లీ వెనక్కి పోయింది. టెసియేకు ప్యారిస్‌లో శవాల మీద సాధన చేసే వీల్లేదు. పగటి పని ముగించుకుని రైలెక్కి సొంత ప్రాంతమైన నాంత్ వెళ్లి, అక్కడ కోసి చూసుకుని వచ్చేవారు. దూరదూరంగా ఉన్న కళ్లను దగ్గర చేయడానికి పుర్రె తెరిచి వెళదామా అని మెదడు సర్జన్ గియోను అడిగితే, ఆయన "ఎందుకు కాకూడదు?" అన్నారట. 1967లో రోమ్ సభలో చూపించేదాకా పదేళ్లు గడిచాయి. చూపించాక ఏం చేశారంటే, తోటి నిపుణులను తన ఫోష్ ఆస్పత్రికి పిలిచి, రోగులను వాళ్ల ముందుంచి, దీన్ని కొనసాగించమంటారా మానమంటారా అని అడిగారు. మన దగ్గర ఇంత పేరొచ్చాక అలా అడిగే పెద్దమనిషిని నేనింకా చూడాల్సి ఉంది.

మన ఊళ్లలో మొర్రి ఆపరేషన్ల క్యాంపులు వద్దని నేననను. అవి లేకపోతే పెదవి కుట్టించుకోకుండానే పెళ్లీడుకొచ్చే పిల్లలు ఎందరో. నా పేచీ ఆ క్యాంపుల ఫ్లెక్సీ మీది రెండు ఫొటోలతోనే: ముందు, తర్వాత. తర్వాత అంటే పదో రోజు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 30 రకాల సమస్యల జాబితాలో మొర్రినీ చేర్చింది, 18 ఏళ్ల దాకా చూస్తామంది. ఆ పద్దెనిమిదో ఏటి ఫొటో చూపించమని అడగాలి, సర్కారునైనా, దాతనైనా.

మా పాపకిప్పుడు తొమ్మిదేళ్లు. కోరపన్ను దిగేలోపు చిగురు చీలికలో తుంటి ఎముక పొడి నింపాలి. "అక్కణ్ణించి తీస్తే కుంటుతానా డాక్టర్ తాతా?" అని అడిగింది మొన్న. "రెండ్రోజులు కుంటుతావు. మూడో రోజు నిన్ను పట్టుకోవడం మీ అమ్మ వల్ల కాదు" అన్నారు ఆనాటి సర్జనే. గడ్డం పైకెత్తించి కింది నుంచి ఒక ఫొటో, పక్క నుంచి ఒకటి తీయించి ఫైల్లో పెట్టించారు. ఆయనకు 58. పాపకు పద్దెనిమిది నిండేసరికి 67. ఆ లెక్క ఆయనా వేసుకున్నట్టున్నారు. పక్క గదిలోంచి ఓ చిన్న డాక్టరమ్మను పిలిచి, ఫైలు మొదటి పేజీ నుంచి చూడమని చేతికిచ్చారు. "అక్కకు నమస్తే చెప్పమ్మా" అన్నారు.