స్పితి లోయకు సైకిలు యాత్ర: పదునొకండు దినములు చాలునా?

మన సంఘమునకు చెందిన యువకులు ఐదుగురు రాబోవు సెప్టెంబరు మాసమున హిమాచల ప్రదేశమందలి స్పితి లోయకు సైకిళ్లపై పోవ సంకల్పించి, తమ ప్రయాణ పట్టికను సంఘ కార్యాలయపు గోడపై అంటించినారు. బెంగుళూరులో పుట్టి పెరిగి, ఆదివారము తెల్లవారుజామున నంది కొండ యెక్కి ఫలాహారమువేళకు ఇల్లు చేరు యువకులు వీరు. వారి యుత్సాహమును చూచి సంతోషింపనివారు లేరు. ఆ పట్టికను చదివిన పిమ్మట మాత్రము ఈ నాలుగు మాటలు వ్రాయక తప్పినది కాదు.

విమానమున చండీగఢ్ చేరి, అచ్చటినుండి బస్సున మనాలికి పోయి, మరునాడే సైకిళ్లెక్కుదురట. మూడవ రాత్రి బాతల్ వద్ద మజిలీ. నాల్గవనాడు కుంజుం కనుమ దాటి స్పితిలో దిగుట. రాకపోకలతో కలిపి మొత్తము పదునొకండు దినములు. దూరములకు లెక్క కలదు. టైర్లకు, ట్యూబులకు, గొలుసు లంకెలకు, బ్రేకు ప్యాడ్లకు లెక్క కలదు. గేరు మార్చు పరికరమును చట్రమునకు తగిలించు చిన్న హ్యాంగరును సైతము మరువక వ్రాసికొన్నారు. అది విరిగినచో ఆ కొండలలో సరియైనది దొరకదు గనుక ఇది మెచ్చుకొనదగిన జాగ్రత్తయే. ఏ రాత్రి ఎంత ఎత్తున పండుకొందురన్నది మాత్రము పట్టికలో ఎచ్చటను లేదు. ఈ యాత్రకు ప్రాణమైన లెక్క అదియే.

మనాలి సముద్రమట్టమునకు సుమారు 2,050 మీటర్ల ఎత్తున నున్నది. బాతల్ ఎత్తు 3,960 మీటర్లు. కుంజుం కనుమ 4,551. స్పితికి ముఖ్యపట్టణమైన కాజా 3,650 మీటర్ల ఎత్తున నుండగా, అచ్చటి గాలి యొత్తిడి సముద్రతీరమునందలి దానిలో మూడింట రెండు వంతులకంటె కొంచెము తక్కువ. గాలిలో ప్రాణవాయువు పాలు ఎచ్చటనైనను నూటికి ఇరువదియొకటే. ఒత్తిడి తగ్గుటచే ప్రతి శ్వాసకును అందునది తగ్గును. శరీరము దీనికి అలవాటు పడగలదు గాని, అందుకు దినములు పట్టును. మనము తొందరపెట్టినంత మాత్రమున అది తొందరపడదు.

నంది కొండ యెక్కినవారము, ఇదియెంత యని మనవారు అనుకొనుచుండవచ్చును. నంది కొండ 1,478 మీటర్లు. నీలగిరులందలి దొడ్డబెట్ట 2,637. దక్షిణాపథమున అన్నిటికంటె ఎత్తైన ఆనైముడి శిఖరము సైతము 2,695 మీటర్లే. అనగా మనలో ఎంతటి వ్యాయామశీలియైనను ఈ సాధనను ఇంటియొద్ద చేసికొనలేడు. కాళ్లకు బలమును ఇచ్చట కూడబెట్టవచ్చును. ఊపిరికి అలవాటును అచ్చటనే సంపాదింపవలెను. కండబలము ఈ వ్యాధినుండి కాపాడదు. పైపెచ్చు, వేగముగా ఎక్కగలవాడు వేగముగానే ముప్పులో పడును.

వైద్యులు చెప్పు నియమము సులభమైనది. 3,000 మీటర్లు దాటిన పిమ్మట నేటి రాత్రి పడకకంటె రేపటి పడక 500 మీటర్లకు మించి ఎత్తున నుండరాదు. మూడు నాలుగు దినముల కొకమారు ఉన్నచోటనే మరియొక రాత్రి గడపవలెను. మొదట తలనొప్పి, వికారము, నిద్రపట్టమి కలుగును. అంతటితో నిలిచి విశ్రమించినచో చాలవరకు సర్దుకొనును. కూర్చుండియున్నను ఆయాసము తగ్గకపోయినను, నడక తూలినను, మాట తడబడినను, అర్ధరాత్రియైనను క్రిందికి దింపవలసినదే. అప్పటికి దిగుటయే మందు. అసిటజోలమైడ్ మాత్రలను గూర్చి బయలుదేరకముందే వైద్యుని సంప్రదింపవలెను. సల్ఫా మందులు పడనివారు ఆ మాట దాచరాదు.

ఈ వ్యాసకర్త యొకప్పుడు మోటారు బండిలో మనాలినుండి ఒక్క పగటిలో కాజా చేరి, ఆ రాత్రియు మరునాడును తల పట్టుకొని కూర్చుండి, అంతదూరము పోయియు కీ మఠమును చూడకయే వెనుదిరిగినాడు. సైకిలు త్రొక్కకయే అంత జరిగినది.

కావున సిమ్లా మార్గమున పోవుట యుక్తము. దూరము రెట్టింపు, సిమ్లానుండి కాజాకు సుమారు 420 కిలోమీటర్లు. ఆ దూరమే మనకు మేలు చేయును. త్రోవ సట్లెజ్ నది వెంబడి రాంపూర్ వద్ద వేయి మీటర్లకు దిగి, మరల కల్పాకు, అనగా 2,960 మీటర్లకు ఎక్కును. అచ్చట రెండు రాత్రు లుండవలెను. ఎదుట కిన్నర కైలాసము కనుల పండువుగా నుండగా కూర్చుండుట కష్టమైన పని గాదు. తరువాత పూహ్ దాటి, ఖాబ్ వద్ద స్పితి నది సట్లెజ్‌లో కలియుట చూచి, 3,660 మీటర్ల ఎత్తుననున్న నాకోకు ఎక్కవలెను. ఇదియొక్కటే ఈ దారిలో చిక్కైన తావు. ఒక్క దినమున వేయి మీటర్లు. శక్తి మిగిలినచో ఆ సాయంకాలమే దిగువనున్న చాంగోకు పోయి పండుకొనుట మంచిది. లేనిచో నాకో చెరువు గట్టున మరునాడంతయు ఊరక గడపవలెను. పిమ్మట 3,280 మీటర్ల ఎత్తున తాబో, క్రీ. శ. 996లో స్థాపింపబడిన మఠము, లోపలి మట్టి విగ్రహములు, గోడల చిత్రములు ఒక పూటలో చూచి ముగించునవి గావు. కాజా చేరినాక కిబ్బర్‌కును, తపాలా కార్యాలయముతో పేరుగాంచిన హిక్కింకును పగటివేళ ఎక్కి, రాత్రికి కాజాకే దిగవలెను. కుంజుం దాటి మనాలికి వచ్చుట చివరనుంచుకొన్నచో, అప్పటికి శరీరము సిద్ధముగా నుండును.

ఈ మార్గమునకును దోషము లేకపోలేదు. 2021 ఆగస్టులో కిన్నౌర్ జిల్లా నిగుల్సరి వద్ద కొండచరియ విరిగి బస్సుపై పడి ఇరువదిమందికి పైగా మరణించిరి. వానలు వెనుకబట్టు సెప్టెంబరును ఎన్నుకొనుట మంచిదే గాని, త్రోవ మూసికొనిపోవుటకు రెండు దినములు విడిగా ఉంచవలెను.

స్పితివారి యిండ్లలో టిబెట్ భాషా కుటుంబమునకు చెందిన మాట, బడిలో హిందీ. ఇంటి కొకటి, బడి కొకటి యన్న స్థితి మనకు క్రొత్తగాదు గనుక, వారి ‘జూలే’ అను పలకరింపు నేర్చుకొనిపోవుట మనవారికి భారము గాబోదు. మంచు కరగిన నీటిని కాలువలతో తెచ్చి యవలు, బఠానీలు పండించు ప్రజలు వారు. ఆ మళ్లలోనికి సైకిళ్లు పోనీయరాదు.

ఎందరో మనాలినుండి ఇదే విధముగా పోయివచ్చినారు గదా యని ఒక యువకుడు వాదించినాడు. నిజమే. పోయివచ్చినవారు ఛాయాచిత్రములు చూపుదురు. నడుమ దింపబడినవారు ఏమి చూపుదురు? ఐదుగురిలో ఒకనికి తలనొప్పి వచ్చినప్పుడు, తనవలన తక్కినవారి సెలవు పాడగునని అతడు నోరు మెదపడు. అందుచే బయలుదేరకముందే ఒకరిని ఎన్నుకొని, అతడు నిలువుమన్న నిలుచుటకు అందరును ఒప్పుకొనవలెను. అందరికంటె వేగముగా త్రొక్కువాడు ఈ పదవికి తగడు.

నేను వేసిన లెక్క ప్రకారము రాకపోకలతో ఇరువదిరెండు దినములు కావలెను. ఉద్యోగస్థులకు అంత సెలవు ఎవరిత్తు రందురా? అట్లయిన ఈ యేడు స్పితి వలదు. అదే సిమ్లా త్రోవలో కుడివైపునకు తిరిగిన బస్పా నది లోయ కలదు. సాంగ్లా 2,680 మీటర్లు, చివరి యూరైన చిత్కుల్ 3,450. పదునొకండు దినములలో సాంగ్లాలో రెండు మూడు రాత్రులుండి, చిత్కుల్‌కు పగటివేళ ఎక్కి దిగి, నిబ్బరముగా ఇల్లు చేరవచ్చును. సెలవు చీటీలు ఇంకను పంపలేదని తెలిసినది. గోడమీది పట్టికలో ప్రతి మజిలీ ప్రక్కను పడక యెత్తునకు ఒక గడి గీచి, నింపి, అటుపిమ్మట పంపుదురు గాక.