కొలంబో క్యాసినో: లంకకు మిగిలేదెంత, హైదరాబాద్ నుంచి పోయేదెంత?

మొఘల్‌పురా, హైదరాబాద్: శంషాబాద్‌లో విమానం ఎక్కితే సుమారు రెండు గంటల్లో కొలంబో. అక్కడ 2025 ఆగస్టు 2న ‘సిటీ ఆఫ్ డ్రీమ్స్ శ్రీలంక’ క్యాసినో తెరుచుకుంది. ప్రారంభ వేడుకకు అతిథిగా బాలీవుడ్ నటుడు హృతిక్ రోషన్‌ను పిలిచారు. క్యాసినో ఎవరి జేబు మీద కన్నేసిందో ఆ పిలుపులోనే ఉంది.

జూదం హరామ్. దాని మీద పాతబస్తీలో వాదన లేదు. అయితే ‘మతం సంగతి పక్కన పెట్టండి, దేశానికి డాలర్లు వస్తాయి కదా’ అన్న మాట కొలంబోలో గట్టిగానే వినిపిస్తోంది. ఆ మాటకు జవాబు లెక్కల్లోనే వెతకాలి.

లంక అవసరం నిజమైనదే. 2022 ఏప్రిల్‌లో ఆ దేశం విదేశీ అప్పులు కట్టలేమని చేతులెత్తేసింది. అప్పటికి బాకీ సుమారు 51 బిలియన్ డాలర్లు. పెట్రోలు కోసం జనం రోజుల తరబడి లైన్లలో నిలబడ్డారు, ఆస్పత్రుల్లో మందులు లేవు. మరుసటి ఏడాది ఐఎంఎఫ్ సుమారు 3 బిలియన్ డాలర్ల ప్యాకేజీ ఇస్తే గానీ ఊపిరి అందలేదు. అలాంటి ప్రభుత్వం డాలర్ తెచ్చే ఏ తలుపునూ మూసుకోదు.

ఈ తలుపును ఒకసారి మూసిన చరిత్ర కూడా ఉంది. జాన్ కీల్స్ కంపెనీ హోటల్, మాల్, ఫ్లాట్లతో ఈ ప్రాజెక్టు మొదలుపెట్టిన రోజుల్లోనే ఆస్ట్రేలియా వ్యాపారి జేమ్స్ ప్యాకర్ కొలంబోలో క్యాసినో రిసార్టుకు సిద్ధమయ్యారు. బౌద్ధ భిక్షువులు వ్యతిరేకించారు. 2015లో సిరిసేన ప్రభుత్వం కొత్త క్యాసినోలు వద్దంది. దివాలా తర్వాత కథ మారింది. 2024లో మకావ్‌లో క్యాసినోలు నడిపే మెల్కో కంపెనీ వచ్చింది, 20 ఏళ్ల లైసెన్సు దక్కింది. మొత్తం ప్రాజెక్టు ఖర్చు 120 కోట్ల డాలర్ల పైమాటే.

ఇక లెక్క. లంక ప్రభుత్వం 2025లో క్యాసినోల మీద లెవీని 15 శాతం నుంచి 18 శాతానికి పెంచింది. అంటే ఆటగాళ్లు 100 రూపాయలు పోగొట్టుకుంటే ఖజానాకు నేరుగా వెళ్లేది 18. మిగతా 82లోంచి జీతాలు, ఏజెంట్ల కమీషన్, ‘ఫ్రీ’ టికెట్లు, ‘ఫ్రీ’ గదులు, జాన్ కీల్స్‌కు కట్టే అద్దె పోతాయి. ఆ తర్వాత మిగిలిన లాభం మీద ఆదాయపు పన్ను ఉంటుంది. అదీ కట్టాక మిగిలింది విదేశీ కంపెనీది. స్థానికంగా జీతాలు, కూరగాయలు, కరెంటు బిల్లుల రూపంలో కొంత తిరుగుతుంది, కాదనలేం. కానీ పోస్టర్ల మీద కనిపించే వెలుగంత పెద్దది కాదు ఈ వాటా.

పైగా ఇక్కడ కొత్తగా తయారయ్యే సరుకేమీ లేదు. చెరకు పండిస్తే చక్కెర వస్తుంది, బట్ట కుడితే చొక్కా వస్తుంది. క్యాసినోలో ఒకరి జేబు నుంచి ఇంకొకరి జేబుకు డబ్బు మారుతుంది, అంతే. పోగొట్టుకునేవాడు బయటి దేశస్థుడైతేనే ఆ దీవికి లాభం. సొంత పౌరుడు పోగొట్టుకుంటే దేశానికి ఒక్క డాలరూ పెరగదు, ఒక కుటుంబం మాత్రం తగ్గుతుంది. లంక పాలకులకు ఇది బాగా తెలుసు. అందుకే తమ పౌరులకు గేటు రుసుమును 50 డాలర్ల నుంచి 100 డాలర్లకు పెంచారు.

మరి బయటివాడు ఎవరు? 2024లో లంకకు వచ్చిన 20 లక్షల పైచిలుకు పర్యాటకుల్లో 4 లక్షలకు పైగా భారతీయులే. అందరూ జూదగాళ్లు కారు. చాలామంది సీతమ్మ గుడికి, సముద్రానికి వెళ్లేవాళ్లే. కానీ క్యాసినో ప్యాకేజీ దారి వేరు. ముందే ఇంత మొత్తానికి చిప్స్ కొనాలి, అప్పుడు టికెట్, గది, భోజనం, మందు అన్నీ ఫ్రీ. ఏజెంట్ ఇక్కడే ఉంటాడు, లెక్క తేలేదీ ఇక్కడే.

ఈ వ్యాపారం హైదరాబాద్‌కు కొత్త కాదు. నేపాల్ క్యాసినో ఈవెంట్ల వ్యవహారంలో ఫెమా ఉల్లంఘనల ఆరోపణలపై 2022 జులైలో చికోటి ప్రవీణ్ ఇంట్లో ఈడీ సోదాలు చేసింది. 2023 మేలో థాయ్‌లాండ్‌లోని పట్టాయా హోటల్‌లో పోలీసులు 90 మందికి పైగా పట్టుకున్నారు, ఎక్కువమంది మనదేశం వాళ్లే. ప్రవీణ్ కూడా వాళ్లలో ఉన్నారు.

ఇంకో మాట ఎవరూ చెప్పరు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. ఆ బాకీ కోసం కోర్టుకు వెళ్లే దారి లేదు. అందుకే వసూలు కోర్టులో కాకుండా ఇంటి గుమ్మం ముందు జరుగుతుంది. షాపు సరుకు డబ్బు, చిట్టీ డబ్బు, చెల్లెలి నికాహ్‌కు దాచిన బంగారం ఇలాంటి చోటే కరిగిపోతాయి. ఆ నష్టం కొలంబో బడ్జెట్‌లో కనిపించదు, హైదరాబాద్ లెక్కల్లోనూ ఎక్కదు.

లంక సమర్థకులు సింగపూర్‌ను చూపిస్తారు. నిజమే, 2010లో తెరిచిన రెండు రిసార్టులు అక్కడ బాగా నడిచాయి. కానీ సింగపూర్ లైసెన్సులు రెండే ఇచ్చింది. అప్పటికే దానికి ప్రపంచ స్థాయి విమానాశ్రయం, గట్టి చట్టం ఉన్నాయి. క్యాసినో ఆ ఊరిని నిలబెట్టలేదు, నిలబడ్డ ఊళ్లోకి క్యాసినో వచ్చింది. అసలు పోలిక పసిఫిక్‌లోని సైపాన్‌తో పెట్టాలి. అమెరికా పాలనలోని ఆ చిన్న దీవి జనాభా 50 వేలు కూడా లేదు. 2014లో ఇంపీరియల్ పసిఫిక్ అనే ఒకే కంపెనీకి గుత్తహక్కు ఇచ్చింది, ఏడాదికి కోటిన్నర డాలర్ల లైసెన్సు ఫీజు వస్తుందని ఆశపడింది. 2020 మార్చిలో కోవిడ్‌తో క్యాసినో మూతపడింది, మళ్లీ తెరుచుకోలేదు. 2024లో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఫీజు బకాయిలు, సగం కట్టిన హోటల్ దీవి నెత్తిన పడ్డాయి.

సైపాన్ చైనా ఆటగాళ్లను నమ్ముకుంది, కొలంబో భారతీయులను నమ్ముకుంటోంది. ఒకే దేశపు జూదగాళ్ల మీద ఆధారపడితే కుళాయి ఆ దేశం చేతిలో ఉంటుంది. చైనా రాకపోకలు ఆగిన 2020లో మకావ్ జూద ఆదాయం దాదాపు 80 శాతం పడిపోయింది. కొలంబో క్యాసినో తెరిచిన ఆగస్టులోనే ఢిల్లీ డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. దానివల్ల కొందరు విమానం ఎక్కుతారని క్యాసినోలు ఆశపడొచ్చు. అదే ఢిల్లీ రేపు విదేశీ ప్యాకేజీల ఏజెంట్ల మీద పడితే 120 కోట్ల డాలర్ల ప్రాజెక్టులో క్యాసినో అంతస్తులు బోసిపోతాయి.

పాతబస్తీకి ఇంకా దగ్గరి కేసు మరొకటి వస్తోంది. యూఏఈలోని రాస్ అల్ ఖైమాలో, సముద్రంలో మట్టి పోసి కట్టిన అల్ మర్జాన్ దీవిలో విన్ కంపెనీ క్యాసినో రిసార్టు కడుతోంది. 2024 అక్టోబరులో లైసెన్సు వచ్చింది, 2027లో తెరుస్తామంటున్నారు. మన మొహల్లాల కుర్రాళ్లు ఏళ్లుగా పని వెతుక్కుంటూ వెళ్తున్న దేశం అది. అక్కడి హోటల్ ఉద్యోగాల ప్రకటనలు రేపు ఇక్కడి ట్రావెల్ ఆఫీసుల గోడల మీదికీ వస్తాయి. సంతకం పెట్టే ముందు కాగితంలో ఏ విభాగంలో పని అని రాశారో చదువుకోవాల్సింది వాళ్లే.