ఒకే మెమో, ఎన్నిసార్లు?

హైదరాబాద్‌లో చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల జిరాక్స్ షాపులకు, నెట్ సెంటర్లకు ఏ నోటిఫికేషన్ వచ్చినా పండగే. అశోక్‌నగర్ హాస్టళ్ల పిల్లలు అదే పదో తరగతి మెమో, అదే కులం సర్టిఫికెట్ పట్టుకొని మళ్లీ వస్తారు. పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కు వివరాలు ఒక్కసారే నమోదు చేసుకునే ఓటీఆర్ ఉంది, నిజమే. పోలీసు బోర్డుకు అది పనికిరాదు, గురుకుల బోర్డుకూ పనికిరాదు. స్కాలర్‌షిప్ కోసం ఈపాస్‌లో ఎప్పుడో ఇచ్చిన వివరాలు ఎవరికీ అక్కర్లేదు.

ఆ కాగితాలిచ్చింది సర్కారే. అడుగుతున్నదీ సర్కారే. మధ్యలో మోసేది మాత్రం నిరుద్యోగి.

చేతకాక కాదు. డిగ్రీ సీట్ల కోసం 2016లో మొదలైన దోస్త్ ఆన్‌లైన్ విధానంలో నారాయణగూడ ప్రభుత్వ డిగ్రీ కాలేజీకైనా, ఆదిలాబాద్ కాలేజీకైనా దరఖాస్తు ఒక్కటే. ఇంటర్ హాల్‌టికెట్ నంబరు కొడితే వివరాలు ఇంటర్ బోర్డు నుంచే వచ్చేస్తాయి. అంటే రెండు శాఖల కంప్యూటర్లు మాట్లాడుకోగలవు, మాట్లాడుకోమని చెప్పేవాళ్లుంటే.

అసలు చిక్కు పేరు దగ్గర ఉంది. మన ఇంటిపేరు మెమోలో పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి మాట, బ్యాంకులో చివరన. కె. లక్ష్మి, కొత్తపల్లి లక్ష్మి, లక్ష్మి కొత్తపల్లి: ఊళ్లో అందరికీ ఒకే మనిషి, కంప్యూటర్‌కు ముగ్గురు. విద్యార్థికి 12 అంకెల అపార్ గుర్తింపు నంబరు రావాలంటే బడి రికార్డులో పేరు ఆధార్‌తో కలవాలి. ఆ ఫారం తయారైంది ఢిల్లీలో. తెలుగువాళ్ల పద్ధతి వేరని ఎవరికీ తట్టలేదు కాబోలు! తప్పు ఫారందైతే, సవరణకు తిరిగేది తల్లిదండ్రులు.

అన్ని శాఖల రికార్డులూ కలిపేస్తే ఒకచోట లీకైనా అన్నీ పోతాయన్న భయం ఉంది. పేపర్ లీకై 2023 మార్చిలో గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దవడం చూసిన అశోక్‌నగర్‌కు ఆ భయం ఉండడంలో వింత లేదు. కానీ కలపమంటే అందరి వివరాలనూ ఒకే గోదాములో పోయమని కాదు. ఎవరి రికార్డు వాళ్ల దగ్గరే ఉండాలి, అభ్యర్థి ఒప్పుకున్నప్పుడు అడిగినదానికి మాత్రం జవాబివ్వాలి.

డిజిలాకర్‌లోని సర్టిఫికెట్ ఒరిజినల్‌తో సమానమని 2017 నుంచే నిబంధన ఉంది. అయినా వెరిఫికేషన్‌కు గెజిటెడ్ అధికారి సంతకంతో జిరాక్స్ సెట్లు పట్టుకెళ్లాల్సిందే. పదో తరగతి మెమోలోని పేరునే అన్ని శాఖలూ ప్రామాణికంగా తీసుకోవాలని, దాన్ని నేరుగా పదో తరగతి బోర్డు నుంచే తెప్పించుకోవాలని ప్రభుత్వం ఒక జీవో ఇవ్వాలి. వచ్చే నోటిఫికేషన్‌కు ముందే ఇవ్వాలి.